నష్టపోయేవాళ్ల మాట ఎక్కడ ఆగిపోతోంది?

చిత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చి తిరుపతిలో ఎంఏ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా ఊరి వంకలోకి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నీళ్లు వదులుతున్నారు. అర్జీలు పెట్టాం. ఆఫీసర్లు వచ్చారు, చూశారు, పోయారు. ఇన్ని పర్యావరణ చట్టాలు ఉన్న దేశంలో మాకు న్యాయం ఎందుకు జరగడం లేదు? రాజకీయంగా ఏం మారితే జరుగుతుంది?"

అమ్మా, నేను చిత్తూరు కోర్టులో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. క్వారీల దుమ్ము, క్రషర్లు, చెత్త డంపింగ్ యార్డులు, ఏటి ఇసుక, మీరు చెప్పిన గుజ్జు ఫ్యాక్టరీల నీళ్లు, ఇలాంటి కేసులు చాలానే చూశాను. గెలిచినవి తక్కువ, సగంలో ఆగిపోయినవి ఎక్కువ. పల్లెల్లోనూ ఆఫీసుల్లోనూ నా కళ్ల ముందు జరిగినదాన్ని బట్టి సమాధానం చెబుతాను. కొంచెం పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

మనకు చట్టాల కొరత లేదు. 1974లో నీటి కాలుష్య చట్టం వచ్చింది. 1981లో గాలి చట్టం, భోపాల్ ఘోరం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చాయి. పర్యావరణాన్ని కాపాడాలని ప్రభుత్వానికి చెప్పే 48ఎ అధికరణ రాజ్యాంగంలో 1976 నుంచే ఉంది. కలుషితం కాని నీరు, గాలి జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అడ్డంకి వేరే చోట ఉంది. నష్టం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లకు నిర్ణయం జరిగే చోట మాట లేదు. నిర్ణయం అయిపోయి నష్టం జరిగాక మాత్రం రుజువులు తెచ్చే భారమంతా వాళ్లదే. నా అనుభవంలో మిగతా అడ్డంకులన్నీ ఈ రెండింటి నుంచి పుట్టినవే.

ముందు మీ ఊరి లాంటి ఒక ఊరి సంగతి చెబుతాను. అక్కడా గుజ్జు ఫ్యాక్టరీయే, అక్కడా వంకే. తోతాపురి సీజన్‌లో రాత్రి పూట నీళ్లు వదిలేవాళ్లు. గుజ్జు నీళ్లు విషం కాదు కదా, పండు కడిగిన నీళ్లే కదా అని చాలామంది అనుకుంటారు. ఆ నీళ్లలో చక్కెర, పీచు ఎక్కువ. అవి కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను మొత్తం లాగేసుకుంటాయి. చేపలు పైకి తేలిపోతాయి. ట్యాంకులు, పైపులు కడగడానికి వాడే కాస్టిక్ సోడా కూడా అదే నీళ్లలో కలుస్తుంది. నాలుగు రోజులకు వంక నల్లగా మారి, పులిసిన కంపు ఊరంతా కమ్మేస్తుంది. ఒడ్డున ఉన్న బావుల్లోకి మెల్లగా దిగుతుంది.

మొదటి ఏడు ఊరంతా కదిలింది. అర్జీ మీద రెండు వందల పైగా సంతకాలు పడ్డాయి. రెండో ఏటికి పెద్ద ఊళ్లో ఒక వాటర్ ప్లాంట్ వచ్చింది, ఇరవై లీటర్ల క్యాన్ ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. నీళ్లు కొనుక్కోగలిగిన ఇంటికి సమస్య దాదాపు ఆ రోజుతోనే తీరిపోయింది. ఆ ఏడు అర్జీ మీద సంతకాలు నలభై. అవన్నీ వంక దిగువన ఉన్న అరుంధతివాడవి, ఆ పక్కన గుడిసెల్లో ఉండే యానాదులవి. అరుంధతివాడ వాళ్లకు డీకేటీ పట్టాలు, అంటే ప్రభుత్వ భూమికి పేదలకిచ్చే పట్టాలు, ఇచ్చినప్పుడు ఇచ్చిన భూమి వంక ఒడ్డుదే. ఎవరూ అడగని పల్లపు నేల కాబట్టి వాళ్లకు వచ్చింది. యానాదులకైతే ఆ భూమి కూడా లేదు. వంకలో, చెరువులో చేపలు పట్టుకుని బతికేవాళ్లు. చేపలు చచ్చిపోతే వాళ్ల నష్టాన్ని చూపించే కాగితం ఒక్కటీ ఉండదు. పట్టా లేదు, పంట నమోదు లేదు, బ్యాంకు రసీదు లేదు. అధికారి వచ్చి "నష్టం ఎంత?" అని అడిగితే వాళ్లేం చెప్పాలి?

పర్యావరణ పరిరక్షణ అన్న మాటకు, పర్యావరణ న్యాయం అన్న మాటకు తేడా నాకు ఆ ఊళ్లోనే తెలిసింది. వంక అందరిదీ. కానీ దాని భారం మోసింది మాత్రం కులంలో, భూమిలో, డబ్బులో అడుగున ఉన్నవాళ్లు. షెడ్యూల్డ్ కులాలు, తెగల వాళ్లు వాడుకునే నీటి వనరును పాడు చేయడం అట్రాసిటీ చట్టం ప్రకారం కూడా నేరమే. ఆ నిబంధన ఉందని మన పోలీస్ స్టేషన్లలో చాలామందికి తెలియదు. నేను చూపించినప్పుడు ఒక ఎస్ఐ పుస్తకం తిరగేసి మరీ చదువుకున్నారు. కేసు మాత్రం కట్టలేదు.

ఇక రుజువు సంగతి. ఆ అరుంధతివాడ నుంచి ఒకామె కూల్‌డ్రింక్ సీసాలో వంక నీళ్లు పట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. చిత్తూరు బస్టాండులో దిగి, ఎండలో నడుచుకుంటూ, సీసాను కొంగులో చుట్టుకుని తెచ్చింది. టేబుల్ మీద పెట్టి, "సార్, మూత తీసి వాసన సూడండి. ఇది సాలదా?" అంది. మూత తీశాను. గదిలో కూర్చోలేకపోయాం. కానీ చాలదు. నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం శాంపిల్‌ను కాలుష్య నియంత్రణ మండలి అధికారే తీయాలి. ఫ్యాక్టరీ వాళ్లకు అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదుట శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి ల్యాబ్‌కు పంపాలి. ఆ పద్ధతి తప్పితే ఆ చట్టం కింద నడిచే కేసులో ఆ నీళ్లు సాక్ష్యానికి పనికిరావు. ఈ నియమం వెనక న్యాయం ఉంది, కాదనను. కానీ నీళ్లు వదిలేది రాత్రి రెండింటికి. అధికారి వచ్చేది అర్జీ అందిన మూడు వారాలకు, పగటి పూట. నోటీసు అక్కడికక్కడే ఇవ్వమని చట్టం చెబితే, ముందు రోజే ఎవరో ఫోన్ చేసి చెప్పేస్తారు. ఆయన వచ్చే సరికి శుద్ధి ప్లాంటు మోటార్లు తిరుగుతుంటాయి, గేటు ముందు సున్నం చల్లి ఉంటుంది. రిపోర్టులో "నిబంధనల మేరకు ఉంది" అని వస్తుంది. ఆ రిపోర్టును మన మీదే సాక్ష్యంగా చూపిస్తారు.

ఈ భారం తిరగబడాలి. నేను కొత్తగా చెబుతున్న మాట కాదు ఇది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే, హైదరాబాద్ తాగునీటి చెరువుల దగ్గర ఒక నూనె కంపెనీ పెట్టబోయిన కేసులో 1999లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తన వల్ల ప్రమాదం లేదని చూపించాల్సింది పరిశ్రమ పెట్టేవాళ్లే. పర్యావరణానికి ప్రత్యేక కోర్టులు కావాలన్న ఆలోచనకు బలం వచ్చిందీ ఆ కేసులోనే. పదకొండేళ్లకు హరిత ట్రిబ్యునల్ వచ్చింది. కానీ ఆ సూత్రం పెద్ద కోర్టుల తీర్పుల్లో మిగిలిపోయింది. మండల స్థాయి తనిఖీలోకి, కలెక్టరాఫీసులో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లోకి రాలేదు. అక్కడ అర్జీ ఇస్తే రసీదు వస్తుంది, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అర్జీ కాలుష్య నియంత్రణ మండలికి, అక్కడి నుంచి తహసీల్దారుకు, అక్కడి నుంచి పంచాయతీ కార్యదర్శికి తిరిగి, ఒక రోజు "పరిష్కరించబడినది" అని మూతపడుతుంది.

మరి కాలుష్య నియంత్రణ మండలి ఎందుకు ఇలా ఉంది? అక్కడ పనిచేసేవాళ్లంతా చెడ్డవాళ్లని నేను అనను. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేస్తే బైకు మీద వచ్చి శాంపిల్ తీసిన యువ ఇంజినీరు నాకు తెలుసు. అసలు మండలిని కట్టిన తీరులోనే లోపం ఉంది. నీటి చట్టం ప్రకారం చైర్మన్, సభ్య కార్యదర్శి కాక ప్రభుత్వ అధికారులు ఐదుగురి దాకా, స్థానిక సంస్థల నుంచి ఐదుగురి దాకా ఉంటారు. వ్యవసాయం, చేపల వృత్తి, పరిశ్రమ, వ్యాపారం అన్నింటికీ కలిపి ముగ్గురి దాకా, ప్రభుత్వ కంపెనీల తరఫున ఇద్దరు. అందరినీ నామినేట్ చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. పరిశ్రమలు తెచ్చామని చెప్పుకునేది ఆ ప్రభుత్వమే, ఆ పరిశ్రమను మూయించాల్సిన మండలిని నియమించేదీ అదే. అందులో కాలుష్యంతో నష్టపోయిన మనిషికి కుర్చీ లేదు. ఒక అరుంధతివాడ మహిళ, ఒక యానాది, ఒక క్రషర్ కార్మికుడు, వీళ్లలో ఒక్కరైనా ఆ బల్ల దగ్గర ఉండాలని చట్టం ఎక్కడా చెప్పదు.

2016లో తెలంగాణతో కలిసి, ఆ తర్వాత విడిగా, మన రాష్ట్రం సులభ వ్యాపార ర్యాంకుల్లో మొదటి స్థానంలో నిలిచింది. పరిశ్రమలు రావాలని నేనూ కోరుకుంటాను, మా అన్న కొడుకు శ్రీసిటీలో పనిచేసే బతుకుతున్నాడు. కానీ ఆ ర్యాంకు కోసం తనిఖీలు తగ్గించారు, స్వీయ ధ్రువీకరణ పెంచారు. ఎన్ని పల్లెల్లో బోరు నీళ్లు తాగడానికి పనికొస్తున్నాయో చెప్పే ర్యాంకు ఒకటి ఉండి, దాని మీద కూడా ముఖ్యమంత్రులు పోటీ పడి ఉంటే మండలిలో ఖాళీ పోస్టులు ఇన్నేళ్లు అలాగే ఉండేవా?

ఇప్పుడు నిర్ణయం జరిగే చోటికి వస్తాను. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. వినడానికి బాగుంది. కానీ ఆ నివేదికను రాసే కన్సల్టెంట్‌కు ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. సభకు ఎంతమంది రావాలన్న కోరం లేదు. ఊరంతా వద్దన్నా అనుమతి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. పైగా చిన్న క్వారీలకు సభే అక్కర్లేదు. అందుకే ఐదు హెక్టార్ల లోపు ముక్కలుగా లీజులు తీసుకునే అలవాటు ఉంది. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ చిన్న లీజులకూ పర్యావరణ అనుమతి కావాలని చెప్పింది. తర్వాత 500 మీటర్ల లోపు ఉన్న లీజులను కలిపి ఒకే క్లస్టర్‌గా చూడాలన్న నియమం వచ్చింది. అలాంటి ఒక గ్రానైట్ క్లస్టర్ సభకు నేను వెళ్లాను.

శామియానా వేశారు. టెంపోల్లో వేరే మండలాల నుంచి మనుషులు దిగారు, ముందు వరుసల్లో కూర్చున్నారు. ఊరివాళ్లు వెనక, ఎండలో. తెలుగు సారాంశం నా చేతికి వచ్చింది. ఎవరో ఇంగ్లిష్‌ను మాటకు మాట మార్చారు. లాయరునైన నాకే మూడుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. ఒక మహిళ, యాభై ఏళ్లు ఉంటాయేమో, మైకు అడిగి తీసుకుంది. "మా ఇండ్ల మీద దుమ్ము పడతా ఉంది. మందు పేల్చినప్పుడల్లా గోడలు బీటలిస్తా ఉండాయి. మాకు ఇంకొక క్వారీ వద్దు" అని చెప్పి కూర్చుంది. అంతే, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సభ చివర వచ్చిన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ రోజు చదవకుండానే లేవబోయారు. చదవమని పట్టుబట్టాం. "స్థానికులు ఉపాధి కల్పించాలని, దుమ్ము నివారణ చర్యలు తీసుకోవాలని కోరారు" అని చదివారు. ఆమె లేచి నిలబడింది. "నేను వద్దన్నాను కదా సార్. వద్దన్న మాట ఏదీ?" అని అడిగింది. శామియానా కింద ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వేదిక మీద ఒకరు పెన్ను తీసి ఆ కాగితంలో "వద్దు" అన్న మాట చేర్చారు.

ఆ మాట చేరింది. అనుమతి కూడా వచ్చింది. చట్టం ఆమెకు మాట్లాడే హక్కు ఇచ్చింది, ఆ మాటకు బరువు ఇవ్వలేదు. నా ఇరవై రెండేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన రోజు అదే.

ఆ బరువు ఇవ్వడం సాధ్యమేనని చెప్పడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. అక్కడ అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం అండగా నిలిచాయి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. మన యానాదులు చెదిరిపోయి ఉన్నారు కాబట్టి వాళ్లకు ఆ రక్షణ అందదు. గ్రామసభ మాటకు విలువ లేనప్పుడు ఏమవుతుందో సోంపేటలో చూశాం. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద 2010 జులై 14న కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ ప్లాంటుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా అదే రోజు. రైతులు ముందు నుంచీ చెబుతున్నది సరైన మాటేనని తేలింది. ఆ మాట ముందే విని ఉంటే ఇద్దరి ప్రాణాలు మిగిలేవి.

కాబట్టి మీ ప్రశ్నలో రెండో సగానికి నా మొదటి జవాబు ఇది. మైదాన ప్రాంత గ్రామసభలకు కూడా, కనీసం క్వారీలు, క్రషర్లు, డంపింగ్ యార్డులు, నీళ్లను పాడు చేసే పరిశ్రమల విషయంలో, అవును లేదా కాదు అనే అధికారం ఉండాలి. దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. పంచాయతీరాజ్ రాష్ట్ర విషయం. మన 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఫ్యాక్టరీ కట్టడానికి, యంత్రాలు పెట్టడానికి పంచాయతీ అనుమతి అన్న నియమం ఇప్పటికే ఉంది. పరిశ్రమలకు అనుమతులన్నీ ఒకే చోట ఇచ్చే సింగిల్ డెస్క్ వచ్చాక అది లాంఛనంగా మారింది. పారిశ్రామిక పార్కుల్లోనైతే పంచాయతీ అధికారాలు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ) కింద ఉండే ఐలాకు, అంటే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థకు, వెళ్లిపోయాయి. పార్కు నుంచి మురుగు వచ్చేది ఊళ్లోకి, అడిగే అధికారం మాత్రం ఊరికి లేదు. అసెంబ్లీ తలచుకుంటే ఒక సవరణతో ఇది మారుతుంది. మీ ఎమ్మెల్యేను ఈ ఒక్క ప్రశ్న అడగండి, సూటిగా.

ఇక్కడ ఓటు గురించి ఒక మాట చెప్పాలి. తిరుపతి లాంటి నగరం చెత్త నగరంలో ఉండదు, పక్క పంచాయతీకి వెళుతుంది. ఆ కుప్ప ఎక్కడ పోయాలో తేల్చేది కార్పొరేషన్. కుప్ప పక్కన ఉండేవాళ్లకు కార్పొరేషన్‌లో ఓటు లేదు. పొగ పీల్చేది ఒకళ్లు, కార్పొరేటర్‌ను ఎన్నుకునేది ఇంకొకళ్లు. క్రషర్లలో పనిచేసేవాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఓటు అక్కడ, ఊపిరితిత్తులు పోయేది ఇక్కడ. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌ను టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడిన మనిషిని నేను చూశాను. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ రోగులకు గుర్తింపు, సాయం ఇచ్చే ప్రత్యేక విధానం తెచ్చింది. అక్కడ గని కార్మికులు స్థానికులు, వాళ్లకు ఓటుంది, సంఘాలున్నాయి. ఇన్ని క్వారీలున్న మన జిల్లాకూ అలాంటిది కావాలి.

దూరం, భాష, కాలం. ఈ మూడింటినీ తేలిగ్గా తీసుకోకండి. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నై చేపాక్కంలో ఉంది. అక్కడ కార్యకలాపాలు ఇంగ్లిష్‌లో. తెలుగు కాగితం ప్రతిదీ తర్జుమా చేయించాలి. 2020 నుంచి వీడియో విచారణలు రావడం పెద్ద మేలు. కానీ తనకు జరిగిన నష్టాన్ని తన భాషలో చెప్పుకోలేని మనిషికి వీడియో ఉన్నా లాభం సగమే. 2020లో కొత్త పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ముసాయిదాను హిందీ, ఇంగ్లిష్‌లలోనే పెట్టి అభిప్రాయాలు చెప్పమన్నారు. 22 భాషల్లో పెట్టండని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ట్రిబ్యునల్ సర్క్యూట్ పద్ధతిలో వేరే చోట కూర్చోవచ్చు. ఏడాదికి రెండుసార్లు తిరుపతిలో కూర్చుని తెలుగులో వాంగ్మూలం తీసుకోవాలని మన ఎంపీలు పార్లమెంటులో ఎందుకు అడగకూడదు?

కాలం సంగతి పాలారు చెబుతుంది. మన కుప్పం మీదుగా తమిళనాడులోకి వెళ్లే ఏరు అది. వేలూరు జిల్లాలో తోళ్ల శుద్ధి కర్మాగారాలు దాన్ని పాడు చేస్తున్నాయని 1991లో పౌరుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. పాడు చేసినవాడే మూల్యం చెల్లించాలి అన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమేనని స్పష్టంగా చెప్పింది ఆ తీర్పే. లా కాలేజీలో అందరం చదువుకుంటాం. 2025 జనవరి 30న అదే పాలారు, అవే తోళ్ల కర్మాగారాల మీద, అదే కోర్టు పరిహారం ఇవ్వమని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. దేశంలోనే పేరున్న తీర్పుకు దారి ఇంత పొడవైతే, మీ వంక గురించి నేను మీకు అబద్ధపు ధైర్యం చెప్పలేను.

పైగా ఈ మధ్య చట్టం వెనక్కి నడుస్తోంది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనలకు ఉన్న జైలు శిక్షను తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానాగా మార్చారు. ఆ జరిమానా వేసేది కూడా ప్రభుత్వ అధికారే. జైలుకు వెళ్లినవాళ్లు ఇదివరకూ పెద్దగా లేరు, నిజమే. కానీ జైలు అన్న మాటకు ఫ్యాక్టరీ మేనేజర్లు భయపడటం నేను చూశాను. జరిమానాను ఖర్చుల కింద రాసుకుంటారు. ముందు నడిపేసి తర్వాత తెచ్చుకునే అనుమతులు చెల్లవని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడు నవంబరులో ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఇంకోవైపుగా ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకయిన ప్లాంటు పర్యావరణ అనుమతి లేకుండానే నడిచిందని తర్వాత బయటపడిన రాష్ట్రం మనది. ఈ విషయంలో మన నాయకులు ఒక్కరైనా గట్టిగా మాట్లాడి ఉండాల్సింది.

ఎందుకు మాట్లాడరు? పల్లెల్లో అందరికీ తెలిసిన విషయమే, నేను పేర్లు చెప్పక్కర్లేదు. ఇసుక రీచ్, క్వారీ, టిప్పర్లు ఎవరి చేతిలో ఉంటాయో చూడండి. ప్రభుత్వం మారితే టిప్పర్ల మీద స్టిక్కర్లు మారతాయి. ఎన్నికల ఖర్చు అక్కడి నుంచే వస్తున్నంత కాలం గ్రామసభకు అధికారం ఇవ్వమంటే ఏ పార్టీకీ మనసు రాదు. ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక బయటికొచ్చిన జాబితాల్లో గనుల కంపెనీలు, కాంట్రాక్టు కంపెనీలు కనిపించాయి. అది పై స్థాయి. మండల స్థాయిలో ఏ జాబితా ఉండదు. క్వారీ, ఇసుక, మురుగు శుద్ధి కాంట్రాక్టుల్లో వాటా ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబాలు స్థానిక పదవులకు పోటీ చేయకూడదన్న నియమం రావాలి. ఇది కష్టమని నాకు తెలుసు. అయినా పర్యావరణ న్యాయం ఇక్కడే ఇరుక్కుందని నా నమ్మకం.

పరిహారం గురించి కూడా రాజకీయంగా తేల్చుకోవాల్సింది ఉంది. ఫ్యాక్టరీకి వేసే పర్యావరణ పరిహారం చేరేది మండలి ఖాతాకు. ఆవును పోగొట్టుకున్న ఇంటికి కాదు. 2015 తర్వాత వచ్చిన జిల్లా ఖనిజ నిధి తవ్వకాలతో దెబ్బతిన్న ఊళ్ల తాగునీటికి, ఆరోగ్యానికి ఖర్చు పెట్టాల్సింది. మన జిల్లాలో ఆ డబ్బు ఏ ఊరికి ఎంత వెళ్లిందో సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల పని. మండల స్థాయిలో అయితే ఐదు రూపాయలే, పంచాయతీలో అడిగితే ఫీజే లేదు.

మీ వంక విషయంలో ఇప్పుడు ఏం చేయవచ్చో కూడా చెబుతాను. వ్యవస్థ మారేదాకా మీ ఊరు ఆగలేదు కదా. హరిత ట్రిబ్యునల్‌కు పరిహారం అడగకుండా వేసే దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు. కారణం మొదలైన ఆరు నెలల్లో వెళ్లాలి. నష్టపరిహారం అడగాలంటే ఐదేళ్ల దాకా గడువుంది. ఎస్సీ, ఎస్టీ, మహిళలు ఎవరైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరును తీసుకోవచ్చు. ట్రిబ్యునల్‌కు సాక్ష్య చట్టం నియమాలు అచ్చంగా వర్తించవు. హరిత ట్రిబ్యునల్ చట్టం చివర ఉన్న రెండో షెడ్యూలులో ఏయే నష్టాలకు పరిహారం అడగవచ్చో రాసి ఉంది. అందులో పాడి పశువులకు, నీటిలోని జీవాలకు జరిగిన నష్టం కూడా ఉంది. యానాదుల చేపలకు చోటు దొరికేది ఇక్కడే.

నీళ్ల సీసా తెచ్చినామె ఇంట్లో రెండు జెర్సీ ఆవులు ఉండేవి, వంకలోనే తాగేవి. పాల కేంద్రం కార్డు చూపించమని అడిగాను. రోజుకు ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, అన్నీ వేరే మనిషి చేతి రాతతో, తేదీలతో ఉన్నాయి. మే దాకా పూటకు ఏడెనిమిది లీటర్లు. జూన్ రెండో వారం నుంచి ఐదు, నాలుగు, మూడున్నర. జులై చివరలో ఒక ఆవు గడి ఖాళీ. ఆ కార్డు పక్కన ఆమె కూతురు స్కూలు నోట్‌బుక్‌లో రాసిన తేదీలు పెట్టాం, ఏ రాత్రి కంపు వచ్చిందో, ఏ పొద్దున చేపలు తేలాయో. కంపు వచ్చిన మూడు నాలుగు రోజులకు పాలు పడిపోవడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ కేసులో మాకు దొరికిన అన్నింటికంటే గట్టి సాక్ష్యం అదే. దాన్ని ల్యాబ్ ఇవ్వలేదు, అధికారి ఇవ్వలేదు.

మీ ఊళ్లో పాలు పోసే ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. పోయిన మూడు సీజన్ల కార్డులు ఎవరి దగ్గర ఉన్నా సరే, ప్రతి పేజీకీ ఫోటో తీసి పెట్టండి. దిగువన ఉన్న ఇళ్ల నుంచి మొదలుపెట్టండి. కాయలు ఫ్యాక్టరీకి తోలడం మొదలయ్యేలోగా ప్రతి వాడలో ఒకరి చేతికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి, తేదీ, టైము, ఏం కనిపించింది, అంతే రాయమనండి. అవి తీసుకుని చిత్తూరు రండి, కూర్చుని దరఖాస్తు రాద్దాం.